ముందు చెవా, ముందు నడకా?

మా అత్తయ్య వస కొమ్ము అరగదీసి మా వాడి నాలుక మీద రాయడం మొదలుపెట్టేనాటికి వాడికి ఏడాది నిండింది. "వస పోస్తే గలగలా మాట్లాడతాడు, చూస్తూ ఉండు" అనేవారు. నేను కాదనలేదు. ఆవిడ భయం నాకు అర్థమవుతూనే ఉంది, నా భయమూ అదే. వాడు నెలలు నిండకుండా, ఎనిమిదో నెలలో పుట్టాడు. ఇరవై ఎనిమిది రోజులు ఎన్‌ఐసీయూలో ఉన్నాడు. కామెర్లు ముదిరితే రక్తం మార్చారు. ఇంటికి పంపేటప్పుడు ఫైల్లో చిన్న కాగితం పెట్టారు: వినికిడి పరీక్ష, రెండు చెవులూ 'పాస్'. ఆ కాగితాన్ని నమ్మి పదమూడు నెలలు కూర్చున్నాం.

మెడ నిలవకపోతే "నెలలు తక్కువ బిడ్డ కదా" అనుకున్నాం. పిలిస్తే తిరిగి చూడకపోతే "మెడే నిలవలేదు, ఎలా తిరుగుతాడు" అనుకున్నాం. ఊ కొట్టకపోతే "వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళకిగానీ నోరు విప్పలేదు" అన్నారు. ఒక ఆలస్యానికి ఇంకో ఆలస్యం సాక్ష్యం చెబుతూ వచ్చింది. వినికిడి లోపంతో పాటు ఎదుగుదలలోనూ వెనకబడిన పిల్లల ఇళ్ళల్లో కాలం ఇలాగే చేజారిపోతుంది. ఒక కష్టం వెనక ఇంకోటి దాక్కుంటుంది. చెవి లోపం బుద్ధిమాంద్యంలా కనిపిస్తుంది. ఆటిజాన్ని చెవుడనుకుంటారు. కండరాల బిగువు తగ్గి మాట రాని పిల్లాణ్ణి చూసి వినపడదంటారు, నిజంగా వినపడని పిల్లాణ్ణి చూసి మొండివాడంటారు.

కాబట్టి పరీక్షల సంగతి ముందు తేల్చుకుందాం. పుట్టిన బిడ్డల చెవిలో చిన్న గొట్టం పెట్టి రెండు నిమిషాల్లో చేసేది ఓఏఈ. లోచెవిలో నత్తగుల్లలా ఉండే భాగంలోని సన్నని కణాలు పనిచేస్తున్నాయో లేదో అది చెబుతుంది. అక్కణ్ణుంచి శబ్దం నరం గుండా మెదడుకి చేరుతోందా లేదా అన్నది చెప్పదు. అది చెప్పేది బెరా. నుదుటి మీదా చెవుల వెనకా తీగలు అంటించి, బిడ్డ నిద్రలో ఉండగా చేస్తారు. కామెర్లు బాగా ముదిరిన బిడ్డల్లో, నెలలు నిండని బిడ్డల్లో కణాలు బాగానే ఉండి నరం దగ్గర దెబ్బతినే అవకాశం ఉంది. దాన్ని ఆడిటరీ న్యూరోపతీ అంటారు. మా వాడిది అదే. ఓఏఈలో పాసై బెరాలో ఫెయిలయ్యాడు. ఎన్‌ఐసీయూలో ఐదు రోజులకు మించి ఉన్న బిడ్డకి బెరా తరహా పరీక్షే చెయ్యాలని నిపుణుల సిఫారసు. మీ ఫైల్లో ఓఏఈ కాగితం ఒక్కటే ఉంటే, "బెరా కూడా రాయండి" అని నోరు తెరిచి అడగండి. అడగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది.

నెల లోపల వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు లోపం ఉందో లేదో నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలు. ప్రపంచమంతా పెట్టుకున్న లెక్క ఇది. మేము దాటిపోయాం. మీరూ దాటిపోయి ఉంటే ఆ లెక్క చూసుకుని కుమిలిపోవద్దు, రేపటి అపాయింట్‌మెంట్ ఇవాళ తీసుకోండి.

పరీక్షల విషయంలోనే ఇంకో చిక్కు. కాస్త పెద్ద పిల్లలకి శబ్దం చేసి అటు తల తిప్పుతారా అని చూస్తారు. మెడ మీద పట్టు లేని పిల్లాడు విన్నా తిప్పలేడు. మీ బిడ్డ విన్నట్టు మీకు ఎలా తెలుస్తుందో మీరే చెప్పాలి. పాలు తాగడం ఆపేస్తాడా, కళ్ళు పెద్దవి చేస్తాడా, కాళ్ళు ఆడించడం మానేస్తాడా? మా వాడు ఊపిరి బిగబట్టేవాడు. ఆ సంగతి ఆడియాలజిస్టుకి చెప్పాక ఆమె వాడి తల వైపు కాకుండా పొట్ట వైపు చూడటం మొదలుపెట్టింది.

కళ్ళ పరీక్ష కూడా ఆ నెలలోనే చేయించండి. చెవి తక్కువైన బిడ్డకి కన్నే దారి. నెలలు నిండని బిడ్డలకి రెటీనా దెబ్బతినే ప్రమాదం ఎటూ ఉంటుంది. ఇంకొకటి, ఒంటి తూకం నిలిపే అవయవం కూడా లోచెవిలోనే, వినికిడి భాగం పక్కనే ఉంటుంది. అందుకే వినికిడి లోపమున్న కొందరు పిల్లలు కాళ్ళలో బలమున్నా ఆలస్యంగా కూర్చుంటారు, ఆలస్యంగా నడుస్తారు. ఫిజియోథెరపిస్టుకి చెవి రిపోర్టు కూడా చూపించమనేది ఇందుకే. మాకు ఏడాదిన్నర పాటు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. కాళ్ళ ఫైలు ఒక డాక్టరు దగ్గర, చెవుల ఫైలు ఇంకొకరి దగ్గర ఉండిపోయాయి. రెండూ పెట్టుకున్న సంచీ మాత్రం నా భుజానే ఉండేది.

"ముందు మెడ నిలవనివ్వండి, కూర్చోనివ్వండి, ఆ తర్వాత హియరింగ్ ఎయిడ్ చూద్దాం" అన్నారు ఒకచోట. "ముందు చెవి సంగతి తేలాకే మిగతావి" అన్నారు ఇంకోచోట. ఇద్దరూ మంచి ఉద్దేశంతోనే అన్నారు. కానీ ఈ అధ్యాయంలో మీకు ఒక్కటే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుంచుకోండి: ఒకదాని కోసం ఇంకోటి ఆపకండి. మెదడు భాష నేర్చుకునే వేళ మెడ నిలిచేదాకా ఆగదు. నడక ఆలస్యమైనా తర్వాత సరిదిద్దుకునే వీలు చాలావరకు ఉంటుంది. మొదటి మూడేళ్ళలో ఏ భాషా అందని బిడ్డకి ఆ లోటు పూడ్చడం ఎంతో కష్టం.

కూర్చోలేని బిడ్డకి వినికిడి మిషన్ పెట్టడంలో ఇబ్బంది నిజమే. పడుకోబెడితే చెవి దిండుకి ఆనుకుని కుయ్యిమని కూత పెడుతుంది. తల్లి విసిగి తీసి డబ్బాలో పెట్టేస్తుంది. నేనూ పెట్టేశాను. తర్వాత తెలిసింది, దిండు తీసేసి, రెండు తువ్వాళ్ళు చుట్టి భుజాలకి అటూ ఇటూ ఆనించి, ఒడిలో ఏటవాలుగా కూర్చోబెట్టుకుంటే కూత ఆగుతుందని. తల నిలవని పిల్లలకి మూల కుర్చీ అని ఒకటుంటుంది, వడ్రంగి చేత చెక్కతో చేయించవచ్చు, కొలతలు ఫిజియోథెరపిస్టు ఇస్తారు. పలచని నూలు గుడ్డతో చెవులు కప్పే టోపీ కుడితే మిషన్ లాగి పారేయడం తగ్గుతుంది. నిటారుగా కూర్చోబెట్టినా కూత వస్తోందంటే చెవి పెరిగి, చెవిలో అమరే అచ్చు, అంటే మౌల్డ్, వదులైందేమో చూపించండి. పసిపిల్లలకి కొన్ని నెలలకొకసారి కొత్త మౌల్డ్ పోయించాల్సిందే. దాన్ని ఖర్చుగా చూసి వాయిదా వేస్తే మిషన్ ఉండీ లేనట్టే.

మాది తెనాలి. మా వైపు ఉక్క, చెమట సంగతి తెలిసిందేగా. రాత్రి పూట మిషన్‌ని సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో ఉంచండి. చెవిలో నూనె పోయడం ఆపండి. పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు, అయినా ఆపండి. బ్యాటరీల విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. గుండీ బ్యాటరీ మింగితే, అది గొంతులో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే లోపలి పొరని కాల్చేయగలదు. మూత తాళంలా పడే మిషన్ అడిగి తీసుకోండి, వాడేసిన బ్యాటరీని ఆ నిమిషానే పిల్లలకి అందని చోటికి చేర్చండి. మింగాడని అనుమానం వచ్చినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తండి.

మా వాడికి హియరింగ్ ఎయిడ్లతో ఆశించినంత రాలేదు. న్యూరోపతీలో ఇది కొత్తేమీ కాదు. శబ్దం చేరుతుంది, కానీ చెదిరిపోయి చేరుతుంది. ఒకరోజు విన్నట్టుంటాడు, మర్నాడు విననట్టుంటాడు. గదిలో ఫ్యాన్ హోరుంటే అసలే పోతుంది. ఇలాంటి పిల్లల్నే "వినిపిస్తుంది, కావాలనే పలకడు" అని తిడతారు. రెండున్నరేళ్ళకి లోచెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాం. ఆపరేషన్‌కి ముందు న్యుమోకాకల్ టీకా వేయించాలి, మెనింజైటిస్ రాకుండా. ఆపరేషనైన కొన్ని వారాలకి మిషన్ ఆన్ చేస్తారు. ఆ రోజు వాడు నవ్వలేదు. వీడియోల్లో చూపించినట్టు అమ్మ గొంతు విని మురిసిపోలేదు. బిగుసుకుపోయి ఏడ్చాడు. చాలామంది పిల్లలు అంతే చేస్తారు. ఆ రోజు నుంచి వాడి వినికిడి వయసు మొదలైందని లెక్క. నాలుగేళ్ళ పిల్లాడి వినికిడి వయసు ఏడాదిన్నరే కావచ్చు. చుట్టాలబ్బాయితో పోల్చాలనిపించినప్పుడల్లా ఆ లెక్క వేసుకోండి. నెలలు తక్కువ పిల్లలైతే మొదటి రెండేళ్ళలో ఎదుగుదల చూసేటప్పుడు, వాళ్ళు కడుపులో ఉండాల్సిన నెలల్ని కూడా తీసేసి చూడాలి.

ఇక అసలు పని ఇంట్లోది. వారానికి రెండుసార్లు ముప్పావుగంట థెరపీ, తక్కినదంతా మీ చేతుల్లో ఉంది. ఇలా అంటే తల్లులు బెంబేలెత్తిపోతారు. నేనూ అలాగే కార్డులు కొన్నాను, బొమ్మలు కొన్నాను, రోజుకి రెండు గంటలు 'క్లాసు' పెట్టాను. వాడికీ నాకూ ఏడుపే మిగిలింది. చివరికి పనికొచ్చింది స్నానం.

చెంబులో నీళ్ళు తీసుకుని వాడి ముందు ఆపేదాన్ని. మిక్సీ లేదు, టీవీ లేదు, నా నోరు వాడి చెవికి జానెడు దూరంలో. దూరం సగం చేస్తే శబ్దం ఆరు డెసిబెళ్ళు పెరుగుతుంది, ఇంత చౌకైన మిషన్ ఇంకోటి లేదు. "నీళ్ళు... పొయ్యనా?" అని ఆగేదాన్ని. ఈ ఆగడమే అన్నిటికంటే కష్టం. మనం రెండు సెకన్లు చూసి, జవాబు రాలేదని మళ్ళీ అడుగుతాం, మళ్ళీ అడుగుతాం, చివరికి మనమే పోసేస్తాం. వినడానికీ సమయం పట్టి, విన్నది అర్థం కావడానికీ సమయం పట్టి, ఒంటిని కదిలించడానికి ఇంకాస్త సమయం పట్టే బిడ్డ జవాబు మొదలుపెట్టేసరికి మనం తర్వాతి ప్రశ్నలో ఉంటాం. మనసులో పది దాకా లెక్కపెట్టండి. నోరు కదపకండి, చెంబూ కదపకండి. పంతొమ్మిదో రోజున వాడి కుడిచేతి చూపుడువేలు లేచింది, అంతే. నేను గబుక్కున పోసేశాను. ఆ సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి, చెంబు పట్టుకుని మళ్ళీ స్నానం చేయించారు, ఆ వేలు చూడటానికి.

అలాంటి పని రోజుకి మూడు ఏరుకోండి. మీ ఇంట్లో ఎటూ జరిగేవే. ఇడ్లీ తినిపించడం, చొక్కా తొడగడం, పడక సర్దడం. ప్రతిసారీ అవే మాటలు, అదే వరసలో. మన తెలుగులో ఒక సౌలభ్యముంది. మాట చివర అచ్చు నిలిచి ఉంటుంది, సాగదీసి పలకొచ్చు, కాస్త వినికిడి ఉన్న చెవికి అచ్చులు ముందు అందుతాయి. ఒక ఇబ్బందీ ఉంది. అర్థాన్ని మార్చేసే కి, తో, లో లాంటి ముక్కలు మాట చివర్న మెల్లగా జారిపోతాయి. 'చెంబుతో', 'చెంబులో' రెండూ వాడికి 'చెంబు' గానే వినిపిస్తాయి. ఆ చివరి ముక్క మీద కొంచెం బరువు పెట్టి పలకండి, అరవకండి. అరిస్తే మాట ఆకారం చెడిపోతుంది.

ఏ భాషలో మాట్లాడాలని అడుగుతారు. "ఎలాగూ ఇంగ్లీషు మీడియమే కదా, ఒక్క భాషే నేర్పితే సులువు" అని ఇంగ్లీషు ముక్కలకి మారిన ఇళ్ళు చూశాను. తాతయ్యా నానమ్మా మూగవాళ్ళైపోతారు ఆ ఇళ్ళల్లో. మీరు కోపమొస్తే ఏ భాషలో కేకలేస్తారో, ముద్దొస్తే ఏ భాషలో గారాలు పోతారో ఆ భాషలోనే మాట్లాడండి.

చేతుల సంగతికి వద్దాం. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయముంది. "సైగలు అలవాటు చేస్తే మాటలు రావు" అని చాలా ఊళ్ళల్లో ఇప్పటికీ చెబుతున్నారు. సైగల వల్ల మాట ఆగిపోతుందనడానికి ఆధారం లేదు. మాట వస్తుందో రాదో తెలియని ఏళ్ళన్నీ బిడ్డని ఏ భాషా లేకుండా ఉంచడం వల్ల జరిగే నష్టం మాత్రం తెలుసు. వినికిడి లోపంతో పుట్టే పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు, అందుకే మనకి సైగల భాష పరాయిదిగా తోస్తుంది. భారతీయ సంజ్ఞా భాష కోసం 2015లో ఢిల్లీలో ఐఎస్ఎల్ఆర్‌టీసీ అనే జాతీయ సంస్థ పెట్టారు. వాళ్ళ నిఘంటువు పదివేల పదాల దాకా పెరిగింది, వీడియోలు ఉచితంగా చూడొచ్చు. 'పాలు', 'ఇంకా', 'చాలు', 'నొప్పి', 'అమ్మ' ఈ ఐదింటితో మొదలుపెట్టండి. చేతి వేళ్ళు బిగుసుకున్న బిడ్డ సైగని సరిగ్గా చెయ్యలేకపోవచ్చు. వాడు చేసే వంకర సైగనే ఇంటిల్లిపాదీ నేర్చుకోండి. చేతులు అసలే సహకరించకపోతే ఫొటోలు వాడండి. పాల గ్లాసు, దుప్పటి, గేటు ఫొటోలు తీసి అట్టకి అంటించి, వాడు చూపుతో ఎంచుకునేలా రెండేసి చూపించండి. మిషన్, నోరు, చేతులు, ఫొటోలు, ఏ దారిన వచ్చినా అది భాషే.

కొరకడం, తల బాదుకోవడం, ఎదుటివాళ్ళ జుట్టు పట్టుకోవడం గురించి పుస్తకాల్లో పెద్ద పెద్ద అధ్యాయాలుంటాయి. మా ఇంట్లో వాటిలో సగానికి పైగా 'నొప్పి', 'చాలు' అనే రెండు సైగలు వచ్చాక తగ్గాయి. మిగిలిన వాటి గురించి పిల్లల డాక్టర్ని అడగండి. చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం ముందు చూడమనండి.

రాత్రుళ్ళ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. పడుకునేటప్పుడు మిషన్ తీసేస్తాం, లైటూ ఆర్పేస్తాం. అంటే ఆ బిడ్డకి ఒకేసారి చెవీ కన్నూ రెండూ తీసేసినట్టు. ఒళ్ళు అదుపులో లేని పిల్లాడు, మంచం అంచు ఎక్కడుందో కూడా తెలియదు. మా వాడు ఏడాదిపాటు రాత్రి పదిన్నరకి లేచి కేకలు పెట్టేవాడు. చిన్న బెడ్‌లైటు పెట్టాం, మిషన్ తీసే ముందు ప్రతిరోజూ ఒకటే సైగ, ఒకటే ముద్దు, నా పాత చీర మడత వాడి చెంప కింద. పది రోజుల్లో సర్దుకున్నాడు. పగలైనా సరే, వెనకనుంచి వచ్చి గభాల్న ఎత్తుకోకండి. ముందు భుజం మీద చెయ్యి వెయ్యండి, వాడు మీ మొహం చూశాక ఎత్తుకోండి.

కాగితాల పని విసుగు పుట్టిస్తుంది, కానీ చెయ్యాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలకి పరీక్షలు చేస్తారు. లోపాలకి తొలి దశలోనే సాయం చేసే జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ కేంద్రానికి పంపుతారు, మీ అంగన్‌వాడీ టీచర్నో ఆశా వర్కర్నో అడగండి. సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు తీసుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇరవై ఒక్క రకాల వైకల్యాలు గుర్తించారు. 'బహుళ వైకల్యం' అందులో విడిగా ఉంది. చెవి లోపం ఒక్కటే రాసి పంపేస్తే మిగతా హక్కులు పోతాయి, రెండూ రాయించండి. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమా సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, థెరపీ ఖర్చులకి కూడా. చదువు వయసుకి మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్లో వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, బుద్ధిమాంద్యం పిల్లల కోసం పనిచేసే ఎన్ఐఈపీఐడీ రెండూ ఉన్నాయి. మనలాంటి వాళ్ళకి రెండు గుమ్మాలతోనూ పని పడుతుంది. వెళ్ళినప్పుడు ఒక చోటి రిపోర్టు ఇంకోచోట మీరే చూపించండి.

దీనికోసం ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎడమ పేజీలో వాడు చేసిన కొత్త పని, తేదీ. కుడి పేజీలో మిషన్ ఎన్ని గంటలు పెట్టుకున్నాడు, ఏ ప్రశ్న అడగాలి. ఒక్కో డాక్టరు దగ్గర ఒక్క ప్రశ్నకైనా పూర్తి జవాబు తెచ్చుకోండి.

"మేనరికం చేసుకున్నారా?" అని మీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. దగ్గరి సంబంధాల్లో పుట్టుకతో వచ్చే వినికిడి లోపాల ముప్పు పెరుగుతుందన్నది నిజం, ఇంకో బిడ్డ కావాలనుకుంటే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి. కానీ ఆ మాటని తల్లి మీద రాయిలా విసరడానికి ఎవరికీ హక్కు లేదు. మా పెళ్ళి మేనరికం కాదు. అయినా అడిగినవాళ్ళకి రెండేళ్ళు సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఆ ఓపిక వాడికి ఖర్చుపెట్టాల్సింది.

రోజూ పొద్దున మిషన్ పెట్టగానే ఒక చిన్న పరీక్ష ఉంది, డేనియల్ లింగ్ అనే ఆయన రూపొందించినది. మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ అనే ఆరు శబ్దాలు. మనం మాట్లాడే మాటల్లోని బొంగురు శబ్దాల నుంచి సన్నని శబ్దాల దాకా వీటిలో ఉంటాయి. నోరు కనపడకుండా ఒక్కొక్కటీ పలకాలి, విన్నప్పుడల్లా బిడ్డ ఏదో ఒకటి చెయ్యాలి. చిన్న గింజలూ పూసలూ వద్దు, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. మా ఇంట్లో పెద్ద ఉల్లిపాయలు. ఈ పని మా అత్తయ్యదే. వస కొమ్ము పక్కన పెట్టి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, వంటగది గుమ్మంలో కూర్చుంటారు. శబ్దం విన్నప్పుడల్లా వాడు ఒక ఉల్లిపాయ ఎత్తి స్టీలు గిన్నెలో వేస్తాడు. పట్టు సరిగ్గా లేని వేళ్ళకి అదే ఫిజియోథెరపీ.

ఇప్పుడు వాడికి ఏడేళ్ళు. కిందటి సోమవారం 'స్' అంటే ఉల్లిపాయ లేవలేదు. "జలుబేమో, రేపు చూద్దాం" అన్నారు అత్తయ్య. మంగళవారం కూడా లేవలేదు. నోటుపుస్తకంలో రాసుకుని, కాయిల్ తీగ మార్చి చూశాం. బుధవారం 'ష్' కూడా పోయింది. ఇంప్లాంట్‌ని సర్దుబాటు చేసే మ్యాపింగ్‌కి ఫోన్ చేసి, శుక్రవారం రైలుకి టికెట్లు తీశాం.